ఈగకు కిడ్నీ లేదు, అయినా ఈగ పేజీ ఎందుకు తెరవాలి?

(శ్రీకాకుళం స్టూడియో చర్చ నుంచి. పాల్గొన్నవారు: జంతుశాస్త్ర అధ్యాపకురాలు, వరి పరిశోధకుడు, ఎమ్మెస్సీ విద్యార్థిని.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈగలు, ఎలుకలు, జీబ్రాఫిష్, వరి వంటి వాటి జన్యువుల వివరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వాటితో మన జిల్లా పిల్లలకు ఏం పని? అమ్మా, ముందు మీరు చెప్పండి.

విద్యార్థిని: మాది కవిటి వైపు సార్, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. మా తాతకి డయాలసిస్ చేయించేవాళ్లం. అందుకే ప్రాజెక్టుకి కిడ్నీ జన్యువులు తీసుకుంటానన్నాను. మేడమ్ డ్రోసోఫిలా, అంటే పండ్ల ఈగ జన్యువుల డేటాబేస్ ఫ్లైబేస్ తెరవమన్నారు. ఈగకు కిడ్నీ ఎక్కడిది మేడమ్ అని అడిగేశాను.

అధ్యాపకురాలు: మంచి ప్రశ్నే అడిగింది. ఈగకు కిడ్నీ లేదు. కానీ మాల్పీగియన్ నాళికలు, నెఫ్రోసైట్లు ఉన్నాయి. మన కిడ్నీ చేసే పనిలో కొంత అవి చేస్తాయి. అందుకే కిడ్నీ జబ్బుల మీద పనిచేసేవాళ్లు ఈగను కూడా చూస్తారు. ఇలాంటి బంధుత్వం పిల్లలకు అర్థం కావాలని నేను మొదట ‘ఐలెస్’ అనే జన్యువు పేజీ చూపిస్తాను. అది పాడైతే ఈగకు కళ్లు చిన్నవిగా వస్తాయి, లేదా అసలు రావు. 1994లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ బృందం దీన్ని పరిశీలిస్తే, మనుషుల్లో ఉన్న ప్యాక్స్6 జన్యువుకి ఇది చుట్టమని తేలింది. మనలో ప్యాక్స్6 పాడైతే కంట్లో ఐరిస్, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం, సరిగా ఏర్పడదు. మరుసటి ఏడాది ఎలుకలోని ప్యాక్స్6 జన్యువును ఈగ శరీరంలో వేరేచోట పనిచేయించారు. అక్కడ కన్ను మొలిచింది. అది ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే! ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా, ఇక్కడికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

వ్యాఖ్యాత: ఇదంతా ఆ పేజీలోనే ఉంటుందా మేడమ్?

అధ్యాపకురాలు: ఆ జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉంది, ఏ కణజాలంలో పనిచేస్తుంది, అది మారిపోయిన ఈగలు (మ్యూటెంట్లు) ఏవి ఉన్నాయి, ఏ పరిశోధన పేపర్లు వచ్చాయి, మనుషుల్లో దాని చుట్టం ఏది... అన్నీ ఉంటాయి. ఫ్లైబేస్ 1992లో మొదలైంది. పేపర్లు చదివి, అందులో తేలిన విషయాన్ని సరైన చోట రాసిపెట్టే క్యూరేటర్లు ఉంటారు. ఆ చేతుల కష్టం మీదే ఇదంతా నిలబడింది.

విద్యార్థిని: నేను మాత్రం తప్పు చేశాను సార్. ఒక జన్యువు ఫలానా పని చేస్తుందని పేజీలో చూసి, నిరూపణ అయిపోయిందన్నట్టు రాసేశాను. తీరా చూస్తే పక్కన ఐఈఏ అని ఉంది.

అధ్యాపకురాలు: ఐఈఏ అంటే ఆ మాట ప్రయోగం చూసి రాసింది కాదు, పోలికలను బట్టి కంప్యూటర్ అంచనా వేసింది. ఐడీఏ అని ఉంటే నేరుగా పరీక్షించి చూశారని. ఈ మూడక్షరాలు చదవకుండా పేజీని నమ్మకూడదు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఉద్దానం జబ్బుకు కారణం ఈ పేజీల్లో దొరికేస్తుందని ఎవరూ ఆశపడొద్దు. ఆ ఊళ్లలో కష్టం పెద్దది, దాని పేరుతో తొందరపడి మాట్లాడకూడదు.

పరిశోధకుడు: వరిలో కూడా ఇలాంటిదే ఒకటుంది, చెప్పనివ్వండి. వంశధార పొంగితే మన చేలు మునుగుతాయి కదా. మునిగినా బతికే గుణం ఒడిశా వరి ఎఫ్ఆర్13ఏలో ఉంది. దానికి కారణమైన సబ్1ఏ జన్యువును 2006లో ప్రకటించారు. అది ఉన్న మొక్క నీటి అడుగున గబగబా పెరిగి అలసిపోదు. ఎదుగుదల ఆపుకుని, శక్తి దాచుకుని, నీరు తీశాక మళ్లీ లేస్తుంది. మన మారుటేరు స్వర్ణలోకి ఆ గుణం ఎక్కించి స్వర్ణ-సబ్1 చేశారు. మరి 2005లో పూర్తయిన ప్రామాణిక వరి జీనోమ్‌లో, అంటే వరి మొత్తం జన్యు సమాచారంలో, సబ్1ఏ కోసం వెతికితే ఏమవుతుందో తెలుసా? దొరకదు!

వ్యాఖ్యాత: అదేమిటి సార్?

పరిశోధకుడు: ఆ జీనోమ్ నిప్పన్‌బరే అనే జపాన్ రకానిది. ఆ రకంలో ఈ జన్యువే లేదు. ఒక్క రకాన్ని చదివి వరంతా ఇదే అనుకుంటే, మనకు కావలసినదే జారిపోతుంది. అందుకే తర్వాత 3,000కు పైగా వరి రకాల జీనోమ్‌లు చదివి అందరికీ తెరిచిపెట్టారు. డేటాబేస్‌లో లేదంటే లోకంలో లేదని కాదు. మా కుర్రాళ్లకి ఇది పదేపదే చెబుతాను.

వ్యాఖ్యాత: ఇవన్నీ ఎప్పటికీ ఉచితంగానే ఉంటాయా?

పరిశోధకుడు: అదే టెన్షన్. అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క డేటాబేస్ టెయిర్‌కి అమెరికా ప్రభుత్వ నిధులు ఆగిపోయాక చందా పెట్టాల్సి వచ్చింది. 2025లో ఫ్లైబేస్‌కీ నిధుల దెబ్బ తగిలింది. పెద్ద సంస్థలు ఎలాగో కడతాయి. మన డిగ్రీ కాలేజీ కట్టగలదా?

అధ్యాపకురాలు: కట్టలేదు. అందుకే వాడుకున్నవాళ్లు పేపర్‌లో ఆ డేటాబేస్ పేరు తప్పకుండా రాయాలి. నిధులిచ్చేవాళ్లు ఎంతమంది వాడుతున్నారని అడుగుతారు కదా. చాలామంది రాయరు, అది నాకు బాధ. ఇంకోటమ్మా, పేజీలో తప్పు కనబడినా, ఏదైనా పేపర్ లేకపోయినా క్యూరేటర్లకి మనం రాయొచ్చు.

విద్యార్థిని: మనం రాస్తే చూస్తారా మేడమ్?

అధ్యాపకురాలు: ఎందుకు చూడరు? రుజువు ఉంటే చాలు, ఏ ఊరి నుంచి రాశారన్నది అడ్డు కాదు.

విద్యార్థిని: అయితే ఈ రాత్రే రాస్తాను. నా జన్యువు పేజీలో రెండు పేపర్లు లేవు.