నీకేమేం వచ్చని అడిగితే

అందరికీ నమస్కారం. ఈ ప్రొజెక్టర్ వెలగడానికే పావుగంట పట్టింది. ఇక నా సబ్జెక్టు, అంటే కంప్యూటర్ డ్రైవర్ల గొడవకి, వేరే ఉపోద్ఘాతం ఎందుకు!

మా పరిచయస్తుడొకాయన పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాడు. ఒకరోజు పొద్దున్నే ఫోన్. "అన్నా, రాత్రి దాకా బాగానే ఉంది. నేనేం ముట్టుకోలేదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తెరవగానే మూసుకుపోతోంది." పాపం, నిజంగానే ఆయనేం ముట్టుకోలేదు. రాత్రి అప్‌డేట్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే ప్రోగ్రామ్‌లకీ తెరమీద బొమ్మలేసే గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య దుబాసీ లాంటి సాఫ్ట్‌వేర్, మారింది. పాతది మళ్లీ ఎక్కించాం, పని నడిచింది. "కొత్త డ్రైవర్ దండగ" అని తేల్చేశాడు. తప్పు ప్రతిసారీ డ్రైవర్‌దే కాదని చెప్పడానికే నేనొచ్చింది.

1997 నాటి జీఎల్‌క్వేక్ అనే గేమ్ సంగతి చూడండి. గేమ్ మొదలవగానే డ్రైవర్‌ని "నీకేమేం వచ్చు?" అని అడుగుతుంది. బొమ్మలు గీయించడానికి ప్రోగ్రామ్‌లు వాడే భాష లాంటిది ఓపెన్‌జీఎల్; దానికి తర్వాత చేర్చిన అదనపు విద్యలే ఎక్స్‌టెన్షన్లు. డ్రైవర్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్ల పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా ఒకే పొడుగాటి వరసలో అప్పజెబుతుంది. గేమ్ ఆ వరసను కన్సోల్‌లో, అంటే తన సందేశాలు రాసే తెరలో, చూపించడానికి 4,096 బైట్ల చోటు ఉంచుకుంది. అప్పట్లో అది ధారాళం. ఏళ్లు గడిచేకొద్దీ కార్డులకు కొత్త విద్యలొచ్చాయి, జాబితా పెరిగింది. ఒకనాడు ఆ చోటు దాటి పక్క మెమరీలోకి పొర్లింది. గేమ్ ఢమాల్! విచిత్రమేంటంటే, ఆ పేర్లలో చాలావాటితో గేమ్‌కి పనే లేదు. ఊరికే తెరమీద అచ్చెయ్యబోయి చచ్చిపోయింది. డ్రైవర్ మాత్రం అడిగినదానికి నిజమే చెప్పింది.

2008లో ఓపెన్‌జీఎల్ 3.0 వచ్చాక పేర్లు ఒక్కొక్కటిగా అడిగే పద్ధతి పెట్టారు. కానీ పాత గేమ్‌ని తిరగరాసేదెవరు? అందుకని లినక్స్‌లో వాడే మెసా డ్రైవర్లలో ఒక సెట్టింగ్ ఉంది. 2003 అని పెడితే, ఆ ఏడాది వరకు వచ్చిన ఎక్స్‌టెన్షన్లే చెబుతుంది. తాతగారి ముందు కొత్త కబుర్లు ఎత్తొద్దని పిల్లలకు చెప్పి పంపినట్టు!

డ్రైవర్లు ప్రోగ్రామ్ పేరు చూసి కూడా నడత మార్చుకుంటాయి. 2001లో రేడియన్ 8500 గ్రాఫిక్స్ కార్డు మీద క్వేక్ 3 అనే గేమ్ ఫైలు పేరును 'క్వాక్'గా మార్చి నడిపితే వేగం తగ్గిపోయింది. 'క్వేక్' అన్న పేరు కనబడితే డ్రైవర్ బొమ్మ నాణ్యత కాస్త తగ్గించి వేగం పెంచేదన్నమాట. పెద్ద గొడవే అయింది. అదే కిటుకును ఇవాళ మంచికీ వాడుతున్నారు. ఫలానా ప్రోగ్రామ్ అయితే ఫలానా సర్దుబాటు చెయ్యి అంటూ మెసాలో పేర్ల జాబితాతో ఒక ఫైలే ఉంది.

విండోస్ వాడేవాళ్లకి ఒక మాట. డివైస్ మేనేజర్‌లో, పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లడానికి, 'రోల్ బ్యాక్ డ్రైవర్' బటన్ ఉంటుంది. పాత డ్రైవర్ సిస్టమ్‌లో మిగిలి లేకపోతే అది నొక్కుడు పడదు. అందుకే బాగా నడుస్తున్నప్పుడే డ్రైవర్ వెర్షన్ నంబరు రాసిపెట్టుకోండి. మా ఆల్బమ్‌ల ఆయన సీపీయూ డబ్బా మీద, దసరాకి పెట్టిన పసుపు బొట్టు పక్కనే, స్కెచ్ పెన్నుతో రాసుకున్నాడు.