పరస్కెవీ: శుక్రవారం పేరు పెట్టుకున్న గ్రీకు ఆడపిల్లలు

[దృశ్యం: చర్చి గోడకు ఒక పటం. తల మీద ముసుగు కప్పుకున్న స్త్రీ, చేతిలో పళ్ళెం. కెమెరా మెల్లగా పళ్ళెం దగ్గరికి వెళ్తుంది.]

ఆ పళ్ళెంలో ఏముందో కాస్త దగ్గరగా చూడండి. పళ్ళో పూలో కాదు, రెండు కళ్ళు.

ఇప్పుడు పటం కింద చూడండి. రిబ్బన్లకు కట్టిన పల్చటి రేకులు వేలాడుతున్నాయి. ఒక్కో రేకు మీదా రెండు కళ్ళు ఉబ్బెత్తుగా అచ్చు వేసి ఉన్నాయి. చూపు బాగుపడాలని మొక్కుకున్నవాళ్ళు, బాగుపడ్డాక మొక్కు తీర్చుకున్నవాళ్ళు తెచ్చి కట్టినవి ఇవి. గ్రీకులు వీటిని తామా అంటారు. అమ్మవారికి వెండి కళ్ళు సమర్పించే మొక్కు మన ఇళ్ళలోనూ ఉంది కాబట్టి ఇంతకంటే వివరించక్కర్లేదు.

పటంలో ఉన్నావిడ పేరు పరస్కెవీ. ఈరోజు గ్రీకు భాషలో ఆ మాటకి అర్థం శుక్రవారం. చివరి అక్షరం దగ్గర ఒత్తి పలకాలి: పరస్కె-వీ.

[తెరమీద పెద్ద అక్షరాలతో: దెఫ్తేరా, త్రీతీ, తెతార్తీ, పెంప్తీ...]

గ్రీకు వారాల పేర్లు చాలా తేలిక. సోమవారం దెఫ్తేరా, అంటే రెండోది. మంగళవారం త్రీతీ, మూడోది. బుధవారం తెతార్తీ, నాలుగోది. గురువారం పెంప్తీ, అయిదోది. ఆ లెక్కన శుక్రవారం ఆరోది కావాలి కదా? కాదు. అక్కడ లెక్క ఆగిపోయి పరస్కెవీ అనే మాట వస్తుంది.

దాని అసలు అర్థం సిద్ధపడటం. స్కెవోస్ అంటే పాత్ర, సామాను. అదే కుటుంబంలోది పరస్కెవీ. కావలసినవన్నీ దగ్గర పెట్టుకుని పనికి సిద్ధం కావడం, మన మాటలో చెప్పాలంటే సరంజామా సర్దుకోవడం. ప్రాచీన గ్రీకు చరిత్రకారులు యుద్ధానికి ఓడలూ ఆయుధాలూ సమకూర్చుకోవడాన్ని ఈ మాటతోనే చెప్పారు. ఇవాళ్టికీ మందు తయారు చేయడానికీ వంటకం తయారు చేయడానికీ పరస్కెవాజో అనే క్రియ వాడతారు.

మరి సరంజామాకీ శుక్రవారానికీ సంబంధం ఏమిటి? యూదులకు శనివారం విశ్రాంతి దినం. పొయ్యి వెలిగించకూడదు, వంట చేయకూడదు. ఆ విశ్రాంతి శుక్రవారం పొద్దు గుంకగానే మొదలవుతుంది. అందుకని వండుకునేదీ సర్దుకునేదీ అంతా శుక్రవారం పగలే ముగించాలి. గ్రీకు మాట్లాడే యూదులు ఆ రోజుని సిద్ధపడే రోజు అన్నారు, క్రైస్తవులు వాళ్ళ దగ్గర్నుంచి అందుకున్నారు. తెలుగు బైబిల్ చదివేవాళ్ళు ఈ మాట ఎప్పుడో చూసేశారు. యేసు సిలువ మరణం దగ్గర "సిద్ధపరచు దినము" అని వస్తుంది కదా, గ్రీకు మూలంలో అక్కడున్నది ఈ పేరే.

నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఇంకోటుంది. అంతకుముందు, గ్రహాల పేర్లతో వారాలు లెక్కపెట్టిన కాలంలో, గ్రీకులు ఈ రోజుని ఆఫ్రొదీతి రోజు అనేవాళ్ళు. అంటే శుక్రగ్రహం రోజు. మన శుక్రవారంలోనూ ఉన్నది ఆ గ్రహమే. ఏడు గ్రహాల వారం అటునుంచే మన దేశానికి వచ్చింది. మన జ్యోతిషంలోని హోర కూడా గ్రీకు మాటే. గ్రీకులు ఆ గ్రహం పేరు వదిలేశారు, మనం మాత్రం క్యాలెండర్‌లో ఇంకా భద్రంగా ఉంచుకున్నాం.

[దృశ్యం: మళ్ళీ పటం.]

ఇక ఈ పేరు ఆడపిల్లలకు ఎలా వచ్చిందంటే, అది ఈ పటంలో ఉన్నావిడ వల్లే. కథ రెండో శతాబ్దం నాటిది. రోమ్ దగ్గర ఎంతోకాలం పిల్లలు లేని ఒక క్రైస్తవ దంపతులకు శుక్రవారం నాడు కూతురు పుట్టింది. రోజు పేరే పిల్లకు పెట్టారు. పెద్దయ్యాక ఆమె ఊరూరా మతం బోధిస్తుంటే ఆంటోనైనస్ పయస్ చక్రవర్తి పట్టించి, కాగే నూనె, తారు ఉన్న కొప్పెరలో వేయించాడట. ఆమెకు ఏమీ కాలేదు. నిజంగా కాగుతోందా అని చక్రవర్తి దగ్గరికొస్తే అది చింది అతని కళ్ళు పోయాయి. ఆమె ప్రార్థించి చూపు తిరిగి ఇచ్చింది. చివరికి మరో పాలకుడు ఆమె తల నరికించాడు. ఇది భక్తుల కథ, చరిత్ర పుస్తకం కాదు. కానీ తనని కాల్చబోయినవాడి కళ్ళు బాగుచేసిందన్న ఆ ఒక్క ఘట్టం కోసమే జనం ఇప్పటికీ రేకులు కడుతున్నారు.

ఈ పేరు ఉత్తరానికీ వెళ్ళింది. రష్యన్లు కొలిచే పరస్కెవా వేరే ఆవిడ. ఆ పేరు పక్కనే వాళ్ళు తమ భాషలో శుక్రవారం అనే మాట చేర్చి పరస్కెవా ప్యాత్నిత్సా అన్నారు. అంటే శుక్రవారం శుక్రవారం! అక్కడి పల్లెల్లో ఆమె మీద గౌరవంతో ఆడవాళ్ళు శుక్రవారం నూలు వడికేవాళ్ళు కాదు. రష్యాలో ప్రస్కోవ్యా అయింది ఈ పేరే. రొమేనియాలోని యాష్ నగరంలో ఏటా అక్టోబర్ 14న పరస్కెవా పేరిట పెద్ద యాత్ర జరుగుతుంది. ఆవిడ మళ్ళీ ఇంకొకరు, చాలా తర్వాతి కాలపు సన్యాసిని.

[దృశ్యం: ఇంటి గుమ్మం, లోపల భోజనాల బల్ల.]

గ్రీకు ఇళ్ళలో పేర్లు ఎక్కువగా తాతల, నానమ్మల నుంచి వస్తాయి. నానమ్మ పరస్కెవీ అయితే మనవరాలూ పరస్కెవీయే. మన దగ్గర అత్తగారి పేరు పెట్టిన పిల్లని కోడలు ఆ పేరుతో పిలవలేక బుజ్జీ, చిన్నీ అనేది. వాళ్ళకి ఆ మొహమాటం లేదు. పేరు పొడుగని, పాతకాలపుదని కుదిస్తారు, అంతే. పరస్కెవీకి ముద్దుగా ఊలా చేరిస్తే పరస్కెవూలా, అందులోంచి వూలా. లేదంటే ఎవీ, వివీ. కాబట్టి ఎవీ అని పరిచయం చేసుకున్న అమ్మాయి గుర్తింపు కార్డులో పరస్కెవీ అని ఉండొచ్చు. ఎవంగెలియా అయినా ఉండొచ్చు, ఆ పేరునీ ఎవీ అనే కుదిస్తారు.

వూలా అనగానే గ్రీసులో గుర్తొచ్చేది వూలా పతులీదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్, 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. ముందున్న అమెరికా అమ్మాయి గెయిల్ డెవర్స్ ఆఖరి హర్డిల్ తగిలి తూలిపోయింది. వూలా 12.64 సెకన్లలో గీత దాటింది. ఒలింపిక్ అథ్లెటిక్స్‌లో స్వర్ణం గెలిచిన తొలి గ్రీకు మహిళ ఆమె. అసలు పేరు పరస్కెవీ. 1999లో ట్రిపుల్ జంప్ ప్రపంచ విజేత వూలా త్సియామీతా కూడా పరస్కెవీయే.

13వ తేదీ శుక్రవారమంటే భయపడే జబ్బుకి ఒక నోరు తిరగని పేరుంది, పరస్కెవిడెకాట్రియాఫోబియా. మొదట్లో ఉన్నది మన పరస్కెవీయే. పాపం, గ్రీకులకు ఆ రోజంటే భయమే లేదు. వాళ్ళు జంకేది 13వ తేదీ మంగళవారానికి.

[దృశ్యం: క్యాలెండర్‌లో జులై 26.]

గ్రీసులో పుట్టినరోజు కంటే పేరు పండుగకి, అంటే తమ పేరున్న సెయింట్ పండుగ రోజుకి, సందడి ఎక్కువ. పరస్కెవీలకు అది జులై 26. ఆ పేరున్న ఇంటికి పిలవకపోయినా వెళ్ళొచ్చు. చేతిలో మిఠాయి పెట్టె పట్టుకుని వెళ్తారు. మీ ఆఫీసులోనో కాలేజీలోనో వివీ అనో వూలా అనో గ్రీకు అమ్మాయి ఉంటే, నీ పూర్తి పేరు పరస్కెవీయా అని ఇవాళే అడిగి పెట్టుకోండి. అవునంటే ఆ రోజు చెప్పాల్సిన మాట ఇది: "ఖ్రోన్యా పొల్లా". చాలా ఏళ్ళు ఉండు అని. మనం నూరేళ్ళు అంటాం కదా, అలాగే.