రిజిస్టరులో బరువు రాయడం ఎందుకు మానేశాం

నమస్కారం. నా వెనక కనిపిస్తున్నది పానగల్లు ఉదయసముద్రం కట్ట. మా నల్లగొండ పక్కనే ఉంటుంది. ఇప్పుడు ఉదయం ఆరున్నర అయింది. గాలి చప్పుడు ఎక్కువగా వినిపిస్తే మన్నించండి, చలికాలంలో ఈ కట్ట మీద ఇలాగే ఉంటుంది. మేం అయిదుగురం ఇప్పుడే నడక ముగించాం. మిగతా నలుగురూ కెమెరా ముందుకు రామన్నారు. కానీ ఈ వీడియోలో చెప్పేదంతా వాళ్లు ఒప్పుకున్నాకే చెబుతున్నాను.

మొన్నటి సద్దుల బతుకమ్మ నాడు మొదలైంది ఇది. గుడి ముందు బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతున్నాం. మూడో పాటకే నాకు ఆయాసం వచ్చింది. ఆటలోంచి పక్కకు తప్పుకుని అరుగు మీద కూర్చున్నాను. మా ఎదురింటి వదిన అప్పటికే అక్కడ మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు అర్ధరాత్రి దాకా ఆడి, ఇంకా ఇంటికి వెళ్లమని మారాం చేసినవాళ్లం మేమిద్దరం. ఆ రోజు మా కూతుళ్లు ఆడుతుంటే చూస్తూ ఉండిపోయాం. కాసేపయ్యాక వదిన, "వచ్చే బతుకమ్మకు మనం ఇక్కడ కూర్చోవద్దు" అంది. నేను సరే అన్నాను.

మర్నాడు బరువు చూసుకుంటే 78 కిలోలు. నా ఎత్తు 155 సెంటీమీటర్లు. బరువు ఎత్తుకు తగినంతే ఉందా అని చూసే లెక్కను బీఎంఐ అంటారు. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి, ఎత్తును మీటర్లలో పెట్టుకోవాలి. అంటే 78ని 1.55తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ 1.55తో. నాకు 32.5 వచ్చింది. మన దేశంలో ఈ లెక్క 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్థూలకాయానికి గీసిన గీత 30 దగ్గర ఉంది. మనకు కడుపు చుట్టూ కొవ్వు తొందరగా చేరుతుంది, తక్కువ బరువుకే షుగరు వస్తుంది, అందుకే మన వైద్యులు ఆ గీతను కిందికి దించారు. తూకం దొరకనివారు టేపుతో నడుము కొలుచుకోండి. ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 దాటితే జాగ్రత్త పడాల్సిందే.

23 కిందికి రావాలంటే నేను 55 కిలోలకు తగ్గాలి. ఇరవై మూడు కిలోలు! ఆ అంకె చూడగానే చేతులు చల్లబడ్డాయి. మొదలుపెట్టకముందే మానేసేవాళ్లు చాలామంది ఈ అంకె దగ్గరే మానేస్తారని నాకు అనిపిస్తుంది. నన్ను నిలబెట్టింది మరో లెక్క. షుగరు రాబోయే దశలో ఉన్నవారి మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. అందులో ఒక బృందానికి ఉన్న బరువులో నూటికి ఏడు వంతులు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడకలాంటి శ్రమ చేయడం లక్ష్యంగా పెట్టారు. మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన బృందంతో పోలిస్తే ఆ బృందంలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. నా 78లో ఏడు శాతం అంటే అయిదున్నర కిలోలు. ఇరవై మూడు నా వల్ల కాదేమో, అయిదున్నర అవుతుంది. మొదటి మజిలీ అదే అనుకున్నాను.

ఇక తిండి. మా నాయనమ్మ చిన్నతనంలో ఇంట్లో జొన్న రొట్టె, గటక, అంబలి. వరి అన్నం పండుగ నాటి మాట. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలువల్లోకి వదిలాక, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వరి పెరిగింది, మిల్లులు వచ్చాయి, మా ఇళ్లలో మూడు పూటలా అన్నం అయింది. ఆకలి తీర్చిన నీళ్లవి, వాటిని తప్పు పట్టను. మారింది ఏమిటంటే, నాయనమ్మ రోజంతా చేనులో వంగి పని చేసేది, నేను పగలంతా కుట్టుమిషను ముందు కూర్చుంటాను. కంచం మాత్రం ఆమె కంచమంత ఉంది.

అందరూ జొన్న రొట్టె తింటే సన్నబడతారని చెబుతుంటారు. అది పూర్తి నిజం కాదు. వంద గ్రాముల జొన్నపిండిలోనూ వంద గ్రాముల బియ్యంలోనూ క్యాలరీలు ఇంచుమించు సమానమే. తేడా పీచులో ఉంది, నమలడంలో ఉంది. అన్నం పులుసుతో కలిస్తే జారిపోతుంది, రెండో గరిటె ఎప్పుడు వేసుకున్నామో తెలియదు. రొట్టెను నమలాలి. రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, ఆకుకూర తిన్నాక నాకు మూడోది పట్టదు. నాలుగు రొట్టెలు తింటే మాత్రం జొన్న కూడా బరువే పెంచుతుంది.

చాయ్ సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు, చెంచాకు అయిదు గ్రాముల చొప్పున 40 గ్రాముల చక్కెర. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజుకు 25 గ్రాములకు మించవద్దని ఉంది. నేను చాయ్‌లోనే దాటేస్తున్నాను. బత్తాయి రసం కూడా అంతే. మన జిల్లా బత్తాయి తోటలకు పేరుబడింది, కానీ రసంలో పీచు పోతుంది, పైన చక్కెర పడుతుంది. ఒలుచుకుని తినండి.

ఇదంతా చాలామందికి తెలిసిందే. తెలిసి కూడా నాలుగో రోజుకు ఎందుకు ఆగిపోతాం? దీని గురించే ఈ వీడియో.

మేం అయిదుగురం ఒకే మహిళా పొదుపు సంఘంలో సభ్యులం. పొదుపు సంఘాలకు పంచసూత్రాలు ఉంటాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పు ఇచ్చుకోవడం, వేళకు తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. ఒంటరిగా డబ్బాలో వేసుకుంటే నెలకే తీసి ఖర్చుపెట్టే డబ్బు, సంఘంలో ఏళ్ల తరబడి నిలుస్తోంది. ఎందుకంటే సమావేశం రోజున మన పేరు పిలుస్తారు. వదిన అడిగింది, నడకను కూడా ఇలా ఎందుకు నడపకూడదని. ఒక రిజిస్టరు కొన్నాం. ఉదయం అయిదున్నరకు మూల మలుపు దగ్గర కలవడం, ఛాయా సోమేశ్వరాలయం దాకా వెళ్లి కట్ట మీదుగా తిరిగి రావడం, ఆదివారం అందరి బరువూ రిజిస్టరులో రాయడం.

1961లో న్యూయార్క్ నగరంలో జీన్ నిడెచ్ అనే గృహిణి కూడా ఇలాగే మొదలుపెట్టింది. ఆమె దగ్గర నగర ఆరోగ్య శాఖ క్లినిక్ వాళ్లు ఇచ్చిన ఆహార పట్టిక ఉంది, అయినా దొంగతనంగా బిస్కెట్లు తినడం ఆగలేదు. స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి ఆ మాట వాళ్ల ముందు చెప్పేసింది. వాళ్లూ తమవి చెప్పుకున్నారు. ప్రతి వారం కలవడం మొదలైంది, రెండేళ్లలో అది ఒక సంస్థ అయింది, తర్వాత పెద్దదైంది. ఆ కథ చదివినప్పుడు ఆమె మా సంఘం మనిషే అనిపించింది.

కానీ మేం ఒక తప్పు చేశాం. మూడో ఆదివారం అంకెలు పైకి చదువుతుంటే, మాలో చిన్నామె బరువు కిలో పెరిగి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దమే ఆమెకు తగిలింది. మర్నాటి నుంచి రాలేదు.

ఆమె చేసిన తప్పేమీ లేదు. ఉప్పు ఎక్కువైన రోజు, నెలసరి ముందు ఒంట్లో నీరు నిలిచి తూకం కిలో, రెండు కిలోలు కూడా అటూ ఇటూ అవుతుంది. మొదటి రెండు వారాల్లో నేను కిలోన్నర తగ్గి పొంగిపోయాను, అందులో ఎక్కువ భాగం నీరేనని తర్వాత తెలిసింది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి. అది వారం రోజుల్లో కనిపించే పని కాదు. తూకం నెలకోసారి చూసుకున్నా చాలు.

నాలుగో రోజు మేం నలుగురం ఆమె గేటు దగ్గరికి వెళ్లాం. పిలవలేదు, ఫోను చేయలేదు. పావుగంట నిలబడి వెళ్లిపోయాం. మర్నాడూ నిలబడ్డాం. మూడో నాడు శాలువా కప్పుకుని బయటికి వచ్చింది. ఆ ఆదివారమే రిజిస్టరులో బరువు గడి కొట్టేశాం. ఇప్పుడు వచ్చామా, రాలేదా అన్నది మాత్రమే రాస్తాం. బరువు ఎవరిది వాళ్లకే తెలుసు, ఇష్టమైతే చెబుతారు. నాది నేను చెబుతున్నాను: పదకొండు వారాలు, మూడున్నర కిలోలు. మధ్యలో ఒక వారం ఏమీ తగ్గలేదు.

కొంచెం తగ్గగానే చుట్టాలు అడుగుతారు, "అలా చిక్కిపోయావేమిటి, షుగరు వచ్చిందా?" అని. ప్రేమతోనే అడుగుతారు, కానీ ఆ మాటకు ఎంతోమంది నడక మానేశారు. మొన్న ఒక పెళ్లిలో నన్ను అడిగితే, నేను నోరు తెరిచేలోపే వదిన చెప్పింది: "ఆమె బాగుంది, రోజూ మాతో నడుస్తోంది." విందులో కూడా ఒకే వరుసలో కూర్చున్నాం. ఒకరికి వడ్డిస్తుంటే మరొకరు చాలని చెప్పడం తేలిక. సంక్రాంతికి సకినాలు మానం. తింటాం, లెక్క పెట్టుకుని తింటాం.

ఒక ముఖ్యమైన మాట. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం ఒక్కసారిగా తగ్గించవద్దు, షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. వైద్యుడికి చెప్పి మొదలుపెట్టండి. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్న పెద్దవాళ్లున్నారు. వాళ్లను మాతో సమానంగా నడవమని ఎవరూ బలవంతం చేయవద్దు. ఏ వ్యాయామం పడుతుందో వైద్యుణ్ని అడగాలి.

మొన్న గురువారం చలికి నేను లేవలేదు. రాత్రి మిషను పని ఆలస్యమైంది, ఒళ్లు నొప్పులు, ఈ ఒక్క రోజుకు పోనీ అనుకుని దుప్పటి లాక్కున్నాను. కాసేపటికి కిటికీలోంచి చూస్తే గేటు బయట ఎవరో నిలబడి ఉన్నారు. పిలవడం లేదు. శాలువా కప్పుకుని, చేతులు రుద్దుకుంటూ నిలబడి ఉంది మా చిన్నామె.

చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాను.