పూర్ణాంకంలో మైనస్ ఉంటదా, ఉండదా?

[తెర మీద నోటుబుక్కు పేజీ. ఒక జవాబు మీద ఎర్ర సిరా గీత.]

నమస్తే. ముందు ఈ పేజీ చూడండి. ఇది మా అక్క బిడ్డ నోటుబుక్కు. ఆరో తరగతి, మరాఠీ మీడియం, మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ తాలూకా. ప్రశ్న చిన్నదే. మైనస్ 4 పూర్ణాంక్ సంఖ్యనా, కాదా? పోరి "కాదు" అని రాసింది. కారణం కూడా మంచి మరాఠీలో రాసింది: పూర్ణాంకాల్లో రుణ సంఖ్యలు ఉండవు అని. సారు కొట్టేసిండు.

సాయంత్రం నా దగ్గరికి వచ్చి కూర్చున్నది. మూతి ముడుచుకుని ఫోను నా చేతిలో పెట్టింది. "చూడు మామా, తెలుగు సారు గిట్లనే చెప్పిండు" అన్నది. చూసిన. నిజమే, వీడియోలో ఆయన చెప్పింది అక్షరాలా అదే. ఆయనదీ తప్పు కాదు, బళ్ళో సారుదీ తప్పు కాదు, పిల్లది అసలే కాదు. మరి మార్కు ఎట్ల పోయింది?

[బోర్డు. రెండు డబ్బాలు గీస్తూ.]

ఈ మొదటి డబ్బాలో 0, 1, 2, 3 అట్ల పైకి పోయే సంఖ్యలు రాస్తున్న. సున్నా కిందికి పోం. రెండో డబ్బాలో మైనస్ 3, మైనస్ 2, మైనస్ 1, 0, 1, 2, 3. ఇటు కొస లేదు, అటు కొస లేదు.

మొదటి డబ్బాని ఇంగ్లీషు మీడియం పిల్లలు హోల్ నంబర్స్ అంటరు, రెండోదాన్ని ఇంటీజర్స్ అంటరు. వాళ్ళకి గొడవ లేదు. మనకే ఉన్నది. తెలుగు పుస్తకంలో మొదటి డబ్బా పేరు పూర్ణాంకాలు, రెండో డబ్బా పేరు పూర్ణసంఖ్యలు. మరాఠీ పుస్తకంలో మొదటి డబ్బా పూర్ణ్ సంఖ్యా, రెండో డబ్బా పూర్ణాంక్ సంఖ్యా.

చూసిన్రా? అవే రెండు మాటలు. అటుదిటు, ఇటుదటు! రెండూ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే. పంచుకునేటప్పుడు గోదావరి ఈ ఒడ్డున ఒక తీరు, ఆ ఒడ్డున ఒక తీరు పంచుకున్నరు. అవతల తెలంగాణలో కాళేశ్వరం దిక్కు బడికి పోయే పిల్ల "పూర్ణాంకాల్లో మైనస్ ఉండదు" అని రాస్తే మార్కు పడతది. అదే మాట సిరొంచలో రాస్తే పోతది.

ఇంక ఫోనులో వెతికినప్పుడు ఏమైతదో చెప్త. తెలంగాణ ఆరో తరగతి గణితంలో రెండో పాఠమే పూర్ణాంకాలు. మైనస్ సంఖ్యలు వచ్చే పూర్ణసంఖ్యలు ఆరో పాఠం. మన పిల్లలకేమో 2016లో వచ్చిన బాలభారతి (మహారాష్ట్ర బడి పుస్తకాలు తెచ్చే సంస్థ) పుస్తకంలో రేఖలు, కోణాలు అయిపోంగనే మూడో పాఠం పూర్ణాంక్ సంఖ్యా. బడి తెరిచిన కొత్తలోనే మైనస్‌లోకి దిగుతరు. ఇంట్ల అమ్మకి మరాఠీ లెక్కలు రావు. మరి "పూర్ణాంకాలు ఆరో తరగతి" అని ఫోనుకి నోటితో చెప్తది. ఫోను చక్కగా వేరే పాఠం తెచ్చి ముందర పెడతది.

ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్, రాజురా దిక్కున్నోళ్ళకి కూడా ఇదే మాట. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ ఉన్న పిల్లలు ఈ పాఠానికి తెలుగు వీడియో కావాలంటే "పూర్ణసంఖ్యలు" అని వెతకాలె. రాసిపెట్టుకోండి.

మా పోరికి గుర్తుండేటట్టు ఒక దారి చెప్పిన. మరాఠీలో భిన్నాన్ని ఏమంటరు? అపూర్ణాంక్. అంటే ముక్క. అర్ధం, పావు, మూడు పావులు. ముక్క కానిది పూర్ణాంక్. మైనస్ 4 ముక్కనా? కాదు కదా, నిండు నాలుగే, కాకపోతే సున్నాకి అవతలి పక్క ఉన్నది. కాబట్టి పూర్ణాంక్. నాకైతే ఈ విషయంలో మరాఠీ పేర్లే కుదురుగా అనిపిస్తయి. తెలుగు మాష్టార్లు కోప్పడొద్దు.

[నోటుబుక్కు మళ్ళీ. ఈసారి జామెట్రీ పేజీ.]

మొదటి రెండు పాఠాల గురించి పెద్దగా చెప్పేది లేదు. బిందూ అంటే బిందువు, రేషా అంటే రేఖ, కిరణ్ అంటే కిరణం, కోన్ అంటే కోణం. చదవంగనే తెలిసిపోతది. కాటకోన్ అంటే లంబకోణం, విశాలకోన్ అంటే అధిక కోణం. ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు. ఇంకొకటి, అంశ్. కోణం కొలిచేటప్పుడు అంశ్ అంటే డిగ్రీ. నాలుగో పాఠం భిన్నాల్లోకి పోయినంక అదే అంశ్ పైన రాసే అంకె, మనం లవం అంటమే, అది. కింద ఉండే హారం ఛేద్.

ఇగ అసలు లెక్కకి వద్దాం. మైనస్ సంఖ్యలు చెప్పేటప్పుడు చాలామంది చలి డిగ్రీలతో మొదలుపెడతరు. మంచు కురిసే ఊళ్ళ మాట. మన దిక్కు ఎండలకి విదర్భ బళ్ళే మిగతా మహారాష్ట్ర కంటే ఆలస్యంగా, జూన్ ఆఖరుకి తెరుస్తరు. ఇక్కడి పిల్లకి మైనస్ డిగ్రీ అంటే ఫ్రిజ్జులో పైఅర తప్ప ఇంకోటి తెలవదు. అందుకే నేను కిరాణా దుకాణం కాడికి తీసుకుపోత. ఉద్దెర తెలవని ఇల్లు ఉంటదా?

[పెన్సిల్‌తో గీసిన ఖాతా పుస్తకం బొమ్మ. ఒక్కొక్క పద్దు రాస్తూ.]

సేటు పుస్తకంలో మీ పేరు మీద 5 రూపాయలు ఉద్దెర ఉన్నది. ఐదు రూపాయలకి ఇప్పుడు ఏం వస్తదని అడగకండి, లెక్క కోసం. మీరున్నది మైనస్ 5 కాడ. 3 రూపాయలు కట్టిన్రు. మైనస్ 5, ప్లస్ 3. ఇంకా ఎంత ఇవ్వాలె? 2. మీరిప్పుడు మైనస్ 2 కాడ ఉన్నరు. సంఖ్యారేఖ మీదనైతే మైనస్ 5 కాడ నిలబడి కుడి దిక్కు మూడు అడుగులు వేసినట్టు. ఇది అందరికీ వస్తది.

ఇప్పుడు కట్టలేదు. పైనుంచి ఇంకో 3 రూపాయల బిస్కెట్ పుడ ఉద్దెరకే తెచ్చిన్రు. మైనస్ 5, మైనస్ 3. ఎంత?

ఇక్కడ పదిమందిల ఆరుగురు "ప్లస్ 8" అంటరు. నా ట్యూషన్‌లో ప్రతి ఏడాదీ అంటరు. ఎందుకంటే అన్న ఏడో తరగతి, వాడు ఇంట్లో "మైనస్ మైనస్ ప్లస్" అని పాడుకుంట తిరుగుతడు. అది గుణకారం సూత్రం. ఏడో తరగతిలో వస్తది. తమ్ముడు చెవిన వేసుకుని కనబడ్డ ప్రతి రెండు మైనస్‌లకీ దాన్ని అతికిస్తడు.

నేను అడిగేది ఒకటే. ఉద్దెర మీద ఉద్దెర చేస్తే సేటు నీకు ఎదురు ఎనిమిది ఇస్తడా? పిల్లలు నవ్వుతరు. నవ్వినంక మైనస్ 8 అని వాళ్ళే రాస్తరు.

ఇది నా తెలివి కాదు. 628లో బ్రహ్మగుప్తుడు ధనం, ఋణం అనే మాటలతోనే నియమాలు రాసిపెట్టిండు. రెండు ధనాలు కలిపితే ధనం, రెండు ఋణాలు కలిపితే ఋణం. సున్నాలోంచి ఋణాన్ని తీసేస్తే ధనం. మరాఠీలో ధన్ సంఖ్యా, రుణ్ సంఖ్యా అన్నా, తెలుగులో ధన సంఖ్య, రుణ సంఖ్య అన్నా ఆ పాత అప్పుల మాటలే. ఈ ఒక్క జంట మాత్రం నదికి రెండు దిక్కులా ఒక్కతీరుగ ఉన్నది.

ఆఖరి నియమం చూడండి, ఋణాన్ని తీసేస్తే ధనం అన్నది. పిల్లలు అసలు ఆగిపోయేది అక్కడనే. 2, మైనస్, బ్రాకెట్లో మైనస్ 3. బాలభారతి పుస్తకం తీరు ఏమంటే, తీసేయాల్సిన సంఖ్యకి విరుద్ధ్ సంఖ్యని తీసుకుని కలపాలె. తెలుగులో దాన్ని సంకలన విలోమం అంటరు. పేరు చూస్తేనే పిల్లకి జ్వరం వస్తది. మళ్ళీ దుకాణానికే పోదాం.

[ఖాతా పుస్తకం బొమ్మ. పద్దు మీద అడ్డగీత.]

మీ జేబులో 5 రూపాయలు ఉన్నయి. సేటు పుస్తకంలో 3 ఉద్దెర ఉన్నది. మొత్తం మీద మీ దగ్గర ఉన్నట్టు ఎంత? 2. సేటు మంచి ఖుషీలో ఉన్నడు, బిడ్డ పెండ్లి కుదిరిందేమో. "పోనీ తీయ్" అని మీ పద్దు మీద గీత కొట్టేసిండు. మీకు ఒక్క పైస ఇవ్వలేదు, ఊరికె గీత కొట్టిండు. ఇప్పుడు మీ దగ్గర ఎంత? జేబులో ఉన్న 5 మొత్తం మీదే. 2 కాస్తా 5 అయింది. మైనస్ 3ని తీసేస్తే 3 కలిసింది. మీ పిల్లకి ఇది చెప్పేటప్పుడు నిజంగనే కాగితం మీద రాసి, నిజంగనే గీత కొట్టండి. గీత కొట్టే ఆ చప్పుడుకే సగం అర్థమైతది.

మాట మీద మాట. మరాఠీలో తీసివేతని వజాబాకీ అంటరు కదా. మన ఇండ్లలో వజా చేయడమన్నా తెలుసు, బాకీ అన్నా తెలుసు. రెండూ మన నోట్లో ఉన్నవే. కాకపోతే బాకీ అనంగనే మనకి అప్పు గుర్తుకొస్తది, వాళ్ళ లెక్కలో బాకీ అంటే మిగిలింది. కూడికని మాత్రం బేరీజ్ అంటరు.

ఇంకో చిక్కు ఉన్నది. ఇది ఆరో తరగతి పాఠం కాదు, రెండో తరగతి నుంచి మోసుకొచ్చింది. మనం తెలుగులో ఇరవై ఐదు అంటం. ముందు ఇరవై, వెనక ఐదు. రాసేది కూడా అట్లనే, 2 తర్వాత 5. మరాఠీలో పంచవీస్, ముందు ఐదు, వెనక ఇరవై. నోటి లెక్క చెప్పినప్పుడు ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల చెవికి ముందు ఐదు తగులుతది, చెయ్యి 5 రాసేస్తది. తర్వాత దిద్దుకుంటది. ఆ దిద్దుకునే లోపల సారు తర్వాతి ప్రశ్నకి పోతడు.

2019లో బాలభారతి రెండో తరగతి గణితంలో ఏకవీస్‌తో పాటు "వీస్ ఏక్" అని చదివే పద్ధతి కూడా పెట్టిన్రు. అచ్చం మన ఇరవై ఒకటి లెక్క. బాలభారతి గణిత మండలికి అప్పట్లో గణిత పండితురాలు మంగళా నార్లీకర్ అధ్యక్షురాలు. మహారాష్ట్రలో పెద్ద రచ్చ అయింది, మరాఠీ భాషని పాడు చేస్తున్నరని. వాళ్ళ భాష మీద వాళ్ళకి ఉండే ప్రేమని మనం కాదనలేం. కానీ మా ఊళ్ళో ఒకటో తరగతి పిల్లలకి అంకెలు చెప్పినోళ్ళని అడిగితే ఆమె ఎందుకు పెట్టిందో ఒక్క నిమిషంలో చెప్తరు.

అన్నిట్లకీ మించింది తొమ్మిదుల గొడవ. 31ని ఏకతీస్ అంటరు. 29ని ఏకోణతీస్ అంటరు. ఫ్యాను తిరుగుతున్న గదిలో వెనక బెంచీ మీద కూర్చుని విని చెప్పండి ఏది ఏదో.

[మేనకోడలు పక్కన కూర్చుని ఉంది. చేతిలో చాక్‌పీసు.]

మొన్న ఇదే చెప్తున్న దీనికి. ఏకోణతీస్‌లో రెండు మాటలున్నయి, ఏక, ఊన. ఊన అంటే తక్కువ. ముప్పైకి ఒకటి తక్కువ. ఏకోణచాళీస్, నలభైకి ఒకటి తక్కువ, 39. ఏకోణసాఠ్, 59. ఏకోణఐంశీ, 79. మనం కూడా గడియారం చూసి పదికి ఐదు నిమిషాలు తక్కువ అంటం కదా, అట్లనే.

అది కాసేపు ఊరుకున్నది. చాక్‌పీసు నోట్లో పెట్టుకోబోయి నన్ను చూసి తీసేసింది. తర్వాత అడిగింది, "మామా, మరి మైనస్ ఐదుని మా సారు ఉణే పాచ్ అంటడు. ఆ ఉణే, ఈ ఊన ఒకటేనా?"

ఒకటే.

"అయితే రెండో తరగతిలో ఇరవై తొమ్మిది చదివినప్పటి నుంచే మైనస్ చదువుతున్న కదా నేను" అని లేచి బోర్డు మీద రాసింది. 30, పక్కన మైనస్ 1, పక్కన 29. ఆ పక్కనే, అడక్కుండానే, మైనస్ 4 రాసి దాని చుట్టూ రెండో డబ్బా గీసింది.