ఎంజైముల ఇంటిపేరు

అందరికీ నమస్కారం. అరుగుదలకని మెడికల్ షాపులో ఇచ్చే సిరప్ సీసాను ఎప్పుడైనా తిప్పి చూశారా? చాలావాటి లేబుల్ మీద చిన్న అక్షరాల్లో రెండు పేర్లుంటాయి: డయాస్టేజ్, పెప్సిన్. రెండూ ఎంజైములే, అంటే జీవుల్లో రసాయన మార్పులను వేగంగా జరిపించే పదార్థాలు. మొదటిది పిండిపదార్థాన్ని అరిగిస్తుంది, రెండోది మాంసకృత్తులను. ఒకదాని చివర ‘ఏజ్’ ఉంది, రెండోదానికి లేదు. ఎందుకని?

1833లో పారిస్‌లో పాయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు రసాయనవేత్తలు, మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన రసంలో ఆల్కహాల్ పోశారు. తెల్లటి పదార్థం అడుగున చేరింది. అది కాస్త వేస్తే చాలు, చిక్కటి గంజి పలచబడి తియ్యబడుతుంది. దాన్ని మరిగిస్తే మాత్రం ఆ గుణం పోతుంది. పిండి రేణువుకు పైన ఒక తొడుగుంటుందని, ఈ పదార్థం ఆ తొడుగును లోపలి సరుకు నుంచి వేరు చేస్తోందని వాళ్లనుకున్నారు. గ్రీకులో ‘డయాస్టాసిస్’ అంటే వేరుపడటం. అదే డయాస్టేజ్ అయింది. నిజానికి అక్కడ తెగుతున్నవి పిండి అణువుల గొలుసులని తరవాత తేలింది. పేరు మాత్రం ఉండిపోయింది.

1898లో డ్యుక్లో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, డయాస్టేజ్ మీది గౌరవంతో, దాని చివరి ముక్కను మిగతా ఎంజైములకూ పెడదామన్నాడు. లైపేజ్, యూరియేజ్, లాక్టేజ్ అన్నీ ఆ బాపతే. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వీటికి వెనకుంటుంది. తమాషా ఏమిటంటే, గ్రీకులో ఆ ‘ఏజ్’ అనే ముక్కకు విడిగా అర్థమే లేదు. ‘స్టాసిస్’ను నడిమికి నరికితే మిగిలిన తోక అది!

పెప్సిన్‌కు ష్వాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు పెట్టింది 1836లో. అప్పటికి ఈ పద్ధతే లేదు కాబట్టి తోకా లేదు. నాకు ఎక్కువ ఇష్టం ఈ పేరే. గ్రీకు ‘పెప్సిస్’కు వండటం, పండటం, అరగడం అని మూడర్థాలు. సంస్కృత ‘పచ్’ ధాతువుదీ అదే మూలం, అవే మూడర్థాలు. వంటలో పాకం, పండులో పక్వం, ఆయుర్వేదంలో పాచక పిత్తం. అంటే లేబుల్ మీది పెప్సిన్ మన వంటింటి మాటలకు దూరపు చుట్టం.

విద్యార్థులకు ఒక మాట. ‘ఏజ్’ కనిపిస్తే దాదాపుగా ఎంజైమే. ‘ఇన్’ కనిపిస్తే తొందరపడకండి. కచ్చి బిర్యానీ మాంసానికి పట్టించే పచ్చి బొప్పాయిలోని పపైన్ ఎంజైమ్, ఇన్సులిన్ హార్మోన్.