నూటికి పావలా

శ్రోతలకు నమస్కారం.

ఫుట్‌బాల్‌లో బదిలీల పద్ధతి మారాలన్న మాట ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. 2024 అక్టోబరు 4న ఫ్రాన్స్ ఆటగాడు లస్సానా దియారా కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఫిఫా నిబంధనలు కొన్ని చెల్లవంది. ఒప్పందం మధ్యలో వదిలేసిన ఆటగాడు పాత క్లబ్బుకు కట్టాల్సిన పరిహారానికి అతన్ని చేర్చుకున్న క్లబ్బును కూడా బాధ్యురాలిని చేసే నిబంధన అందులో ఒకటి. ఆటగాడికి స్వేచ్ఛ దక్కడం మంచిదే. కానీ ఈ మార్పుల హడావుడిలో ఒక చిన్న వాటా కొట్టుకుపోకూడదు. అది పెంచిన క్లబ్బు వాటా.

ఒక దేశపు క్లబ్బు మరో దేశపు క్లబ్బు నుంచి ఆటగాణ్ణి సొమ్ము ఇచ్చి తీసుకుంటే, ఆ సొమ్ములో నూటికి 5 రూపాయలు అతన్ని 12 నుంచి 23 ఏళ్ల దాకా పెంచిన క్లబ్బులకు పంచాలి. మొదటి నాలుగు సీజన్లకు, అంటే 12 నుంచి 15 ఏళ్ల దాకా, ఏటా నూటికి పావలా. 16 నుంచి ఏటా నూటికి అర్ధరూపాయి.

లెక్క వేద్దాం. హైదరాబాద్ బార్కాస్‌లో ఒక కుర్రాడున్నాడు అనుకోండి. 12 నుంచి 17 దాకా ఆరు సీజన్లు ఒకే బస్తీ క్లబ్బుకు ఆడాడు. పెద్దయ్యాక విదేశంలో ఒక క్లబ్బు నుంచి ఇంకో దేశపు క్లబ్బుకు 10 కోట్లకు వెళ్లాడు. పావలా లెక్కన నాలుగు సీజన్లకు 10 లక్షలు, అర్ధరూపాయి లెక్కన రెండు సీజన్లకు 10 లక్షలు. మొత్తం 20 లక్షలు బార్కాస్ క్లబ్బుకు రావాలి.

ఇప్పుడు అదే కుర్రాడి వయసు కాగితాల్లో రెండేళ్లు తగ్గించి రాశారనుకోండి. అండర్-13లో ఒక కప్పు వస్తుందని ఆశ. అప్పుడు మొదటి రెండు సీజన్లు 10, 11 ఏళ్ల కింద పడతాయి, వాటికి పైసా రాదు. అర్ధరూపాయి రావాల్సిన చివరి రెండు సీజన్లు పావలాకు పడిపోతాయి. 20 లక్షలు కాస్తా 10 లక్షలు. నిజం బయటపడితే కుర్రాడి ఆటే ఆగిపోవచ్చు.

సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్లి 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం కాలంలో ఈ వాటా అన్నదే లేదు. ఇప్పుడుంది. 2022 నవంబరు నుంచి పారిస్‌లోని ఫిఫా క్లియరింగ్ హౌస్ ద్వారా డబ్బు పంచుతున్నారు. అయినా ఒప్పందం ముగిశాక ఆటగాడు ఉత్తినే వెళ్తే, బదిలీ సొమ్మే లేదు కాబట్టి ఈ వాటా సున్నా. ఒప్పందం ముగిసిన ఆటగాడు బదిలీ సొమ్ము లేకుండానే వెళ్లొచ్చన్న 1995 బోస్మన్ తీర్పు తెచ్చిన స్వేచ్ఛకు ఇది రెండో వైపు. అలా వెళ్లినప్పుడు ఆటగాడికి ఇచ్చే సంతకపు బోనస్ మీద కూడా నూటికి పావలా వేయాలని నా అభిప్రాయం.

అది ఫిఫా చేయాల్సింది. మన క్లబ్బు కార్యదర్శి చేయాల్సింది వేరే ఉంది. పిల్లవాడు వేసవి శిబిరంలో ఎంత ఆడినా లెక్కలోకి రాదు, రిజిస్టరైతేనే వస్తుంది. అందుకని 12వ పుట్టినరోజు పడే సీజన్ నుంచే, అసలు జనన ధ్రువపత్రంతో, ఏటా ఫెడరేషన్‌లో పేరు నమోదు చేయించండి. మధ్యలో క్లబ్బు మారితే వెళ్లిన తేదీ, చేరిన తేదీ రెండూ రాయించండి, ఎందుకంటే ఉన్న కాలాన్ని బట్టే వాటా పంచుతారు. నమోదైన కాగితం ప్రతి ఒకటీ ప్రింటు తీసి, పిల్లవాడి పేరు రాసిన ఫైల్లో పెట్టండి. కార్యదర్శి మారినా ఆ ఫైలు క్లబ్బులోనే ఉండాలి.