నాలుగున్నర స్కాలర్‌షిప్పులు, తొమ్మిది మంది ఆటగాళ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు నలుగురూ కలిసిన చోట ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "మా అబ్బాయి టెన్నిస్ బాగా ఆడుతున్నాడండీ, కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చేస్తుంది, ఇక ఫీజుల దిగులు లేదు." టెన్నిస్ కాకపోతే ఈత, ఈత కాకపోతే గోల్ఫ్. హైదరాబాద్, విజయవాడ అకాడమీల్లో పిల్లలకు శిక్షణ ఇప్పిస్తున్న తల్లిదండ్రుల్లోనూ కొందరికి ఇదే ఆశ. ఆ ఆశ ఎంత మేరకు పెట్టుకోవచ్చో ఈ పది నిమిషాల్లో లెక్క చూద్దాం.

ఆశ ఊరికే పుట్టలేదు. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడాడు. తరువాత 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం తెచ్చాడు. నెల్లూరు నుంచి వెళ్లిన దంపతుల కుమారుడు నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్ తరఫున ఆడి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండులో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. ఆ రోజు ఎన్ని తెలుగు ఇళ్లలో టీవీలు మోగాయో! నాకూ ఎంతో గర్వంగా అనిపించింది. అయితే ఆ స్థాయి ఆటగాళ్లను చూసి మన ఇంటి ఖర్చుల లెక్క వేసుకోకూడదు.

కాలేజీ క్రీడలను నడిపే సంస్థ పేరు ఎన్‌సీఏఏ. హైస్కూల్లో ఆడే పిల్లల్లో కాలేజీ క్రీడా స్కాలర్‌షిప్ అందుకునేవారు సుమారు 2 శాతం అని ఆ సంస్థే చెబుతుంది. నూటికి ఇద్దరు. ఆ ఇద్దరికీ వచ్చేది పూర్తి స్కాలర్‌షిప్ అనుకోకండి. ఇది ఎలాగో చెప్పడానికి నాకు ఇష్టమైన ఆటనే తీసుకుంటాను.

చాలా ఏళ్లపాటు మొదటి శ్రేణి కాలేజీల్లో, అంటే డివిజన్ వన్‌లో, పురుషుల టెన్నిస్ జట్టు మొత్తానికి కలిపి ఇవ్వగలిగిన స్కాలర్‌షిప్పులు నాలుగున్నర. అవును, నాలుగున్నర. ఒక్కొక్కరికి కాదు, జట్టంతటికీ కలిపి. జట్టులో తొమ్మిది మంది ఉన్నారనుకుందాం. ఇప్పుడు మీరే కోచ్. ఒక పూర్తి స్కాలర్‌షిప్‌ను వంద శాతం అనుకుంటే మీ చేతిలో 450 శాతం ఉంది. ఎలా పంచుతారు?

సమానంగా పంచితే తలా 50 శాతం వస్తుంది. కానీ ఏ కోచ్ కూడా అలా పంచడు. కాలేజీ పోటీలో ఆరు సింగిల్స్ మ్యాచ్‌లు ఉంటాయి, ఒక్కో దానికి ఒక్కో పాయింటు. డబుల్స్ మూడు ఆడినా, వాటికి కలిపి వచ్చేది ఒకే పాయింటు. మొత్తం ఏడు పాయింట్లలో ఆరు సింగిల్స్‌లోనే ఉన్నాయి కాబట్టి కోచ్ చూపంతా మొదటి ఆరుగురి మీదే. మొదటి ఇద్దరికి వంద చొప్పున ఇచ్చాడు. మూడో వాడికి 80. నాలుగు, అయిదు స్థానాలకు 60 చొప్పున. ఆరో వాడికి 50. కూడి చూడండి, 450 అయిపోయింది. మిగిలిన ముగ్గురూ అదే జెర్సీ వేసుకుంటారు, తెల్లవారుజామునే లేచి అదే కసరత్తు చేస్తారు, వారికి ఆట పేరుతో ఒక్క డాలరు కూడా రాదు.

ఆ మొదటి ఆరు స్థానాల కోసం పోటీ పడేది ఎవరు? మన ఊరి టోర్నమెంటులో మనవాడి చేతిలో ఓడిపోయిన పిల్లలు కాదు. స్పెయిన్, ఫ్రాన్స్, జర్మనీ, అర్జెంటీనా నుంచి వచ్చే కుర్రాళ్లు. డివిజన్ వన్ పురుషుల టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీ ఆటగాళ్లే. గువాహటిలో పుట్టిన మన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ అలా వెళ్లినవాడే. వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2007, 2008లలో వరుసగా జాతీయ కాలేజీ సింగిల్స్ ఛాంపియన్ అయ్యాడు. అందువల్ల మీ అబ్బాయి స్థాయి తెలుసుకోవాలంటే స్కూల్ జట్టులో అతనిది ఎన్నో స్థానం అని చూడకండి. మీరు కోరుకుంటున్న కాలేజీ జట్టులో ఆరో స్థానంలో ఆడుతున్న విద్యార్థి యూటీఆర్ రేటింగ్, అంటే టెన్నిస్ ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎంతో చూడండి. జట్టు జాబితా కాలేజీ సైటులోనే ఉంటుంది. ఒక్క సాయంత్రం పని ఇది, ఎంతో మంది చేయరు.

ఆడపిల్లల సంగతి కొంత మెరుగు. అదే మహిళల టెన్నిస్‌లో పాత పరిమితి ఎనిమిది, ఎనిమిదీ పూర్తి స్కాలర్‌షిప్పులే. అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్కటే పురుషులకు 85 స్కాలర్‌షిప్పుల వరకు ఇచ్చేది కాబట్టి, చదువులో ఆడ మగ తేడా చూపకూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం ఇతర ఆటల్లో మహిళలకు ఎక్కువ కేటాయించారు. కూతురి ఆటను పదో తరగతిలో మాన్పించి కొడుకు ఆటకు డబ్బు పోసే తల్లిదండ్రులు ఈ మాట కాస్త చెవిన వేసుకోవాలని నా మనవి.

2025లో నిబంధనలు మారాయి. కోర్టు ఆమోదించిన ఒక ఒప్పందం తరువాత, అందులో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్పుల సంఖ్య మీద పరిమితి తొలగింది. జట్టులో ఎంతమంది ఉండవచ్చన్న పరిమితి మాత్రం వచ్చింది. టెన్నిస్‌కు పది. అంటే పదిమందికీ పూర్తిగా ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు అన్నారు, ఇస్తారని అనలేదు. అదే ఒప్పందం వల్ల ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకు నేరుగా ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల వరకు పంచే వీలు కలిగింది. ఆ డబ్బులో అత్యధిక భాగం ఫుట్‌బాల్‌కూ బాస్కెట్‌బాల్‌కూ పోతుంది. మిగతా ఆటల ఖర్చుకు కత్తెర పడే ప్రమాదం ఉంది. 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ తన ఈత, డైవింగ్ జట్లను, పురుషులవీ మహిళలవీ, మూసేస్తున్నట్టు ప్రకటించింది. చిన్నప్పటి నుంచి నీళ్లలోనే పెరిగి, ఆ జట్టు కోసమే ఆ కాలేజీలో చేరిన పిల్లల గురించి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మరి ఆట వల్ల లాభం లేదా? ఉంది. డబ్బు రూపంలో కంటే ప్రవేశం రూపంలో ఎక్కువ ఉంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి ఎనిమిది ఐవీ లీగ్ కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఎంఐటీ, షికాగో విశ్వవిద్యాలయం వంటి డివిజన్ త్రీ, అంటే క్రీడల్లో మూడో శ్రేణి, సంస్థలూ ఇవ్వవు. అయినా అక్కడ కూడా కోచ్‌లు ఉంటారు, జట్లు ఉంటాయి. చాలా చోట్ల కోచ్ మెచ్చిన విద్యార్థి దరఖాస్తుకు అదనపు బలం వస్తుంది. అక్కడ డబ్బు సాయం కుటుంబ ఆదాయాన్ని బట్టి వస్తుంది, కొన్ని కాలేజీల్లో మార్కులను బట్టి కూడా. నా అభిప్రాయం చెప్పమంటే, సగటు తెలుగు కుటుంబానికి సర్వ్ మీద పెట్టిన గంటల కంటే గణితం మీద పెట్టిన గంటలే ఎక్కువ డబ్బు తెచ్చిపెడతాయి. ఆటను ఆనందం కోసం, ఆరోగ్యం కోసం, జట్టుతో కలిసి నడవడం నేర్చుకోవడం కోసం ఆడించండి. అవి చిన్న లాభాలు కావు.

ఇక ఒక్క పని చెబుతాను, మిగతావన్నీ మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. కోచ్ నుంచి శిబిరానికి రమ్మని ఉత్తరం వస్తే సంబరపడకండి, అలాంటివి వేలమందికి వెళతాయి. నోటి మాటతో స్కాలర్‌షిప్ ఇస్తామన్నా అది కాలేజీని కట్టిపడేయదు. "మేము తీసుకుంటున్నాం" అని కోచ్ గట్టిగా అన్న రోజున, అమ్మానాన్నలు మొహమాటపడకుండా ఒక ప్రశ్న అడగాలి. "అన్ని సాయాలూ పోను, మా జేబులోంచి ఏడాదికి ఎంత కట్టాలి?"

ఎంత శాతం అని అడగకండి. ఎంత కట్టాలి అని అడగండి. ఏడాదికి 60 వేల డాలర్లయ్యే కాలేజీలో 50 శాతం వచ్చినా ఇంకా 30 వేలు మీరే కట్టాలి. నాలుగేళ్లకు లక్షా 20 వేలు. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆటతో పని లేకుండా చేరినా అంతకంటే తక్కువ అయ్యే అవకాశం చాలా ఉంది. జవాబు కాగితం మీద తీసుకోండి. అది ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా చూడండి. చాలా స్కాలర్‌షిప్పులు ఏడాదికి ఒకసారి పొడిగించేవే. మోకాలికి దెబ్బ తగిలితే, కోచ్ మారితే ఏమవుతుందో కూడా ఆ కాగితంలోనే వెతకండి. కనిపించకపోతే సంతకానికి ముందే కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయానికి ఫోను చేయండి, కోచ్‌కు కాదు.

సెలవు. నమస్కారం.